బాట వేయండి, బఫర్ వదలండి

నది ఒడ్డున గుడిసె వేసుకున్నవాడికి నోటీసు వస్తుంది. గట్టు అంచు దాకా దున్నిన రైతుకూ నోటీసు వస్తుంది. నది పక్కన కట్టడాలు లేకుండా వదిలిపెట్టాల్సిన పట్టీలో, అంటే బఫర్‌లో, ప్రహరీ కట్టినవాడి గోడ మీదికి జేసీబీ వస్తుంది. అదే బఫర్‌లో చెట్లు కొట్టి, నేల చదును చేసి, కంకర పరిచి, దీపాలు పెట్టి 'ప్రకృతి బాట' అని బోర్డు తగిలిస్తే మాత్రం ప్రారంభోత్సవానికి ముఖ్య అతిథులు వస్తారు. తేడా ఒక్కటే. తవ్వింది ప్రభుత్వం.

ఇది ఏదో ఒక్క నది గొడవ కాదు. ఇన్నాళ్లూ నదికి వీపు పెట్టిన ఊళ్లు ఇప్పుడు మళ్లీ అటు తిరుగుతున్నాయి, సంతోషమే. కానీ ఏ ప్రణాళిక తెరిచినా రెండు వాక్యాలు పక్కపక్కనే కనిపిస్తున్నాయి. ఒకటి, నదీ తీర బఫర్‌ను కచ్చితంగా కాపాడతాం. రెండు, ఒడ్డు వెంబడి నడక బాట వేస్తాం. రెండూ ఒకే పేజీలో, ఒకే సంతకం కింద. మొదటి వాక్యం జనానికి, రెండోది తమకు అన్నట్టుంది అధికారుల వాలకం.

జనం నదికి దూరమైతే దాన్ని పట్టించుకునేవాళ్లే ఉండరని, నడిచేవాళ్లు తిరుగుతుంటే ఆక్రమణదారులు, చెత్త పోసేవాళ్లు కాస్త జంకుతారని బాటను సమర్థించేవాళ్లు అంటున్నారు. నిజమే. అయితే ఆ వాదన బాట కావాలని మాత్రమే చెబుతోంది, బఫర్ లోపలే కావాలని ఎక్కడా చెప్పడం లేదు.

బఫర్ అంటే ఖాళీ జాగా అనే అపోహ దగ్గరే తప్పంతా మొదలవుతోంది. పొలాల నుంచి, వీధుల నుంచి వాన నీరు పల్చటి పొరలా జారి నది వైపు వస్తుంది. గడ్డి, రాలిన ఆకులు, పొదలు దాని వేగాన్ని తగ్గిస్తాయి. అది మోసుకొచ్చే మట్టి, ఆ మట్టికి అంటుకున్న ఫాస్ఫరస్ చాలావరకు అక్కడే ఆగిపోతాయి. మిగిలిన నీరు నేలలోకి ఇంకి, వేళ్ల మధ్య నుంచి నిదానంగా నదికి చేరుతుంది. ఎరువుల నుంచి వచ్చే నైట్రేట్‌ను ఆ తడి నేలలోని బ్యాక్టీరియా నైట్రోజన్ వాయువుగా మార్చి గాలిలోకి వదిలేస్తుంది. చెట్ల వేళ్లు గట్టు జారకుండా పట్టుకుంటాయి. కొమ్మల నీడకు నీరు చల్లగా ఉంటుంది. చల్లటి నీటిలోనే ప్రాణవాయువు ఎక్కువగా కరుగుతుంది కాబట్టి చేప బతుకుతుంది. ఇదంతా జరగడానికి కావలసింది ఒక్కటే, ఆ నేలను ఎవరూ కదపకపోవడం.

ఇప్పుడు దాని మధ్యలోంచి, నదికి సమాంతరంగా ఒక బాట గీయండి. రోలర్ ఎక్కిన నేల గట్టిపడుతుంది. గట్టిపడిన నేలలోకి నీరు ఇంకదు. పొరలా వస్తున్న నీరు బాట అంచున పోగై చిన్న కాలువ అవుతుంది. పల్లం కనిపించిన చోట గట్టును కోసుకుని నేరుగా నదిలో పడుతుంది. అంటే మ్యాపు మీద బఫర్ పచ్చదనం అలాగే ఉంటుంది, మురికి నీరు మాత్రం దాన్ని తప్పించుకుని వెళ్లిపోతుంది. కొట్టిన చెట్లకు రెట్టింపు మొక్కలు నాటామని శాఖలు చెప్పుకునే లెక్కలో ఈ కోత ఎప్పుడూ ఉండదు.

పైగా నది పక్క నేల చదునైన నేల. కొండవాలు బాటకు ఉన్న సౌకర్యం దానికి లేదు. బాటలు వేసే పని తెలిసినవాళ్లు వాలు నేలనే వెతుకుతారు. బాటను పల్లం వైపు ఐదు శాతం వంచి నీటిని అడ్డంగా దాటిస్తారు, బాట ఎక్కుడు వాలు కొండ వాలులో సగానికి మించకుండా చూసుకుంటారు. చదునైన ఒండ్రు నేల మీద ఈ కిటుకులేవీ పనిచేయవు. నీరు నిలుస్తుంది, బురద అవుతుంది. బురదలో కాలు పెట్టడం ఇష్టం లేక నడిచేవాళ్లు పక్క గడ్డిలోంచి వెళతారు. ఆ గడ్డీ పోతుంది. మీటరు బాట మూడు మీటర్లవుతుంది. గడ్డి, చిన్న మొక్కలు దెబ్బతినడానికి వేల మంది నడవక్కర్లేదు. నష్టంలో పెద్ద వాటా మొదట నడిచిన కొద్దిమందితోనే జరిగిపోతుందని బాటల మీద జరిగిన పరిశోధనలు దశాబ్దాలుగా చెబుతున్నాయి. 'తక్కువ మందినే అనుమతిస్తాం' అనే హామీకి అందుకే పెద్ద విలువ లేదు.

ఆ తర్వాత వరద వస్తుంది. నది ఒడ్డున వరద రావడం వింత కాదు, బాట వేసినవాళ్లు ఆశ్చర్యపోవడమే వింత. కంకర నదిలోకి పోతుంది, ఏడాది తిరగకుండానే రిపేరు టెండరు. రెండు వరదలయ్యాక ఇంజినీర్లు అసలు ప్రతిపాదన బయటికి తీస్తారు. బాటను కాపాడటానికి గట్టుకు రాతి కట్టడమో, కాంక్రీటు గోడో కావాలంటారు. నది తన మలుపులు మార్చుకుంటూ పోయేది. ఒక ఒడ్డును రాయితో బిగిస్తే ప్రవాహం తన జోరును దిగువ గట్టు మీదో, ఎదుటి ఒడ్డు మీదో చూపిస్తుంది. అప్పుడు అక్కడా గోడ అడుగుతారు. నదిని కాపాడటానికి వదిలిన జాగాలో, నది నుంచి కాపాడుకోవలసిన ఆస్తిని మనమే పెట్టుకున్నామన్నమాట.

ఇంతకంటే మమ్మల్ని భయపెడుతున్నది ఈ మినహాయింపు నేర్పే పాఠం. చట్టాల్లో ఆ సందు ఇప్పటికే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2012లో జీవో 168 కింద తెచ్చిన భవన నిర్మాణ నిబంధనలు పురపాలక హద్దుల బయట నదికి 100 మీటర్లు, హద్దుల లోపల 50 మీటర్లు వదలమన్నాయి. అదే నోటితో, వినోద అవసరాలకు తప్ప వేరే నిర్మాణాలు కూడదన్నాయి. ఆ 'తప్ప' ఎంత దూరం సాగుతుంది? అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 1996 చట్టంతో నదికి ఇరువైపులా 200 అడుగుల పట్టీని కాపాడుతోంది గానీ కిక్కిరిసిన కొన్ని నగరాల్లో అది 25 అడుగులకు పడిపోతుంది. చెసపీక్ అఖాతాన్ని కాపాడటానికి 100 అడుగుల బఫర్ పెట్టుకున్న అక్కడి వర్జీనియా రాష్ట్రం కూడా కాలిబాటలకు షరతులతో దారి వదిలింది. ఎక్కడ చూసినా ఇదే తంతు. దూరం కొలిచి గీత గీస్తారు, దాని పక్కనే ఒక తలుపు పెడతారు. తలుపు పెట్టడం తప్పని మేం అనడం లేదు. నదిని దాటే చోటో, నీటి దగ్గరకు దిగే చోటో అది అవసరమే. కానీ కిలోమీటర్ల కొద్దీ బాటను అందులోంచి తోసేస్తే ఇంక ఆ గీత ఎవరి కోసం?

వినోదం అన్న మాటను ఒకసారి ఒప్పుకున్నాక ఏది వినోదం కాదో ఎవరు చెబుతారు? ఇవాళ బాట. నడిచేవాళ్లు అలసిపోతారు కాబట్టి బెంచీలు. చీకటి పడితే భయం కాబట్టి దీపాలు, ఆ వెలుగుకు రాత్రి తిరిగే జీవాలు ఒడ్డు వదిలేసినా సరే. జనం వస్తున్నారు కాబట్టి మరుగుదొడ్లు, పార్కింగ్, తర్వాత ఒక కెఫే. ఆ కెఫే పక్క స్థలం యజమాని రిసార్టుకు దరఖాస్తు పెట్టుకుంటాడు. అతని లాయరు చేయవలసిన పని సులువు, ప్రభుత్వ బాట ఫొటో తీసి పిటిషన్‌కు జత చేయడమే. 'మీరు వేసిన కాంక్రీటు నదికి మంచిది, నా క్లయింటు వేసేది చెడ్డదా?' అని జడ్జి ముందు అడిగితే శాఖ తరఫు న్యాయవాది దగ్గర ఏం జవాబుంది? గుడిసె పోగొట్టుకున్నవాడు అడిగితే ఏం జవాబుంది? మొదటివాడికైనా లాయరున్నాడు.

అతిశయోక్తి అనుకునేవాళ్లు యమున వైపు చూడాలి. 2016 మార్చిలో ఢిల్లీ దగ్గర వరద మైదానంలో మూడు రోజుల ఉత్సవానికి అనుమతిచ్చారు. తాత్కాలికమే కదా అన్నారు. జాతీయ హరిత ట్రైబ్యునల్ 5 కోట్ల రూపాయల పరిహారం విధించింది, ఆ నేల కోలుకోవడానికి పదేళ్లు పట్టవచ్చని నిపుణుల కమిటీ తేల్చింది.  2023 జులైలో అదే యమున ఢిల్లీలో 208.66 మీటర్లకు చేరి 1978 నాటి రికార్డును దాటింది. వరద మైదానంలో ముచ్చటపడి తీర్చిదిద్దిన పార్కులు, నడక దారులు నీళ్లలో మునిగి, ఒండ్రు కింద కూరుకుపోయాయి.

మరి బాట ఎలా వేయాలి? ఇదేమీ అంతుచిక్కని విద్య కాదు. బాటను బఫర్ బయట, వరద అందని ఎత్తైన మెరక మీదికి జరపండి. అక్కడి నుంచి నది ఇంకా బాగా కనిపిస్తుంది. నీటి దగ్గరకు వెళ్లాలనే కోరిక సహజం కాబట్టి, గట్టు గట్టిగా ఉన్న రెండు మూడు చోట్ల మాత్రం అడ్డంగా, సన్నగా, చిన్న దారులు దింపండి. తడి నేల దాటక తప్పకపోతే నేల తాకకుండా గుంజల మీద చెక్క వంతెన కట్టండి. క్రొయేషియాలోని ప్లిట్‌విట్సే సరస్సుల దగ్గర లక్షల మంది అలాంటి చెక్క దారుల మీదే నడుస్తున్నారు. వాగు దాటవలసి వస్తే ఇరుకైన చోట, సూటిగా దాటించండి. రోలర్లు కాదు, చేతి పనిముట్లు వాడండి. పక్షులు గూళ్లు పెట్టే కాలంలో మూసేయండి, గేటు పెట్టి నిజంగానే మూసేయండి.

ఇప్పటికే జనం నడిచి నడిచి పడిన దారి ఉంటే, కొత్తది కోయకుండా దాన్నే బాగుచేయడం మేలు. ఇంగ్లండ్‌లో 1996లో ప్రారంభమైన థేమ్స్ పాత్ 300 కిలోమీటర్ల దాకా ఉంటుంది, నదిని అంటిపెట్టుకునే సాగుతుంది. అందులో చాలా భాగం పూర్వం పడవలను లాగడానికి వాడిన పాత దారే. దాన్ని చూపించి పొదలు నరికి కొత్త బాట వేస్తామనేవాళ్లు ఈ సంగతి కూడా చెప్పాలి. చెప్పరు.

మెరక మీద స్థలం లేదు, అది ప్రైవేటు భూమి, సేకరించాలంటే ఖర్చవుతుంది అన్నది అధికారులు చివర్లో బయటపెట్టే కారణం. అసలు కారణమూ అదే. బఫర్ మీద వాళ్లకు ప్రేమ పుట్టింది అది నది పక్కన ఉందని కాదు, ఊరికే దొరుకుతోందని. బయట భూమికి పరిహారం ఇవ్వాలి, లోపల నదికి ఇవ్వనక్కర్లేదు. ఖర్చు భరించలేకపోతే బాటను కుదించండి. అదీ కుదరకపోతే మానేయండి. బాట లేనందుకు ఏ నదీ ఏనాడూ చచ్చిపోలేదు.

బఫర్ గీత, వరద గీత, బాట గీత మూడూ ఒకే మ్యాపులో, ఒకే స్కేలులో గీసి టెండరుకు ముందే జనానికి చూపించాలి. బఫర్ లోపల పడే ప్రతి మీటరుకూ కారణం రాయాలి, కింద సంతకం పెట్టిన అధికారి పేరు ఉండాలి. రైతుకు ఇచ్చిన నోటీసులో ఏ నిబంధన చూపించారో, మీ బాట ఫైలులోనూ ఆ నిబంధన ఎదుట జవాబు రాయాలి. ఈ మాత్రం చేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు, సిగ్గు ఉంటే చాలు. పర్యావరణ దినోత్సవం నాడు మొక్క పట్టుకుని ఫొటో దిగిన పెద్దలే ఇవాళ ఈ ఫైళ్ల మీద సంతకాలు చేస్తున్నారు. వచ్చే వానాకాలంలో ఒక్కరోజు ఆ ఒడ్డుకు వెళ్లి, నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో చూసొచ్చాక పెన్ను తీయండి. ఏసీ గదిలో కంప్యూటర్ తెర మీద నది పక్కన గీత గీసి, దానికి ప్రకృతి అని పేరు పెట్టే పని ఇక ఆపండి.