వంటకం మార్చేముందు పాలు లెక్కపెట్టండి

"మావాడు ఏమీ తినడండీ" అని వాట్సాప్ గ్రూపులో ఒకరు రాస్తే చాలు, వంటకాలు వచ్చిపడతాయి. దోసెపిండిలో బీట్‌రూట్ కలపమంటారు, చపాతీలో పాలకూర దాచమంటారు. వాడు రోజుకు ఎన్ని పాలు తాగుతున్నాడని మాత్రం ఎవరూ అడగరు. అమెరికాలో మన ఇళ్లలో రెండు మూడేళ్ల పిల్లలు అన్నం దగ్గర పెట్టే పేచీకి చాలాసార్లు కారణం పాలసీసా, వేళాపాళా లేని చిరుతిండి. అవి సర్దకుండా ఎన్ని వంటకాలు మార్చినా దండగే.

8 ఔన్సుల హోల్ మిల్క్‌లో (వెన్న తీయని పాలలో) సుమారు 150 కేలరీలుంటాయి. లేవగానే ఒక సీసా, డేకేర్ నుంచి రాగానే ఒకటి, పడుకునేముందు ఒకటి, అర్ధరాత్రి ఏడిస్తే ఇంకొకటి. అంటే 32 ఔన్సులు, 600 కేలరీలు. రెండేళ్ల పిల్లకు రోజు మొత్తానికి కావలసింది వెయ్యి, అటూ ఇటూగా. మిగిలిన కాస్తా పెరుగన్నం, అరటిపండు, బిస్కెట్లతో నిండిపోతుంది. ఇక బెండకాయ వేపుడుకు చోటెక్కడ? ఏడాది దాటిన పిల్లలకు 16 నుంచి 24 ఔన్సులు చాలని ఇక్కడి పిల్లల డాక్టర్లు చెబుతారు. అది దాటితే రక్తహీనత భయం ఉంది. పాలలో ఇనుము దాదాపు ఉండదు, పైగా వాటిలోని కాల్షియం మిగతా తిండిలోని ఇనుమును సరిగా ఒంటపట్టనివ్వదు. మలబద్ధకం కూడా రావచ్చు, అది వస్తే ఉన్న ఆకలీ పోతుంది. లెక్కవేసేటప్పుడు డేకేర్‌లో ఇచ్చే పాలూ, ఇంట్లో రెండుపూటలా కలిపే పెరుగూ చేర్చండి. మనవాళ్లు మరిచిపోయేది ఆ పెరుగునే.

తగ్గించడం అర్ధరాత్రి సీసాతో మొదలుపెట్టాలి, పళ్లు పుచ్చడానికీ అదొక కారణం. మూడు రోజులకోసారి 2 ఔన్సులు తగ్గించుకుంటూ వచ్చి చివరికి నీళ్లు ఇవ్వండి. పగటి పాలు సీసా మాన్పించి మామూలు కప్పులో, అన్నం తిన్నాకే. ఇది సాధారణంగా బెడిసికొట్టేది రాత్రిపూటే. ఏడుపు వినలేక ఇంట్లో ఎవరో ఒకరు పాలు కలిపి ఇచ్చేస్తారు. ఇంకాస్త గట్టిగా ఏడిస్తే దొరుకుతాయని పిల్లకు అర్థమవుతుంది, మర్నాడు ఆ ఏడుపు రెట్టింపవుతుంది. ఇంట్లో అందరూ ఒకమాట మీద ఉంటేనే మొదలుపెట్టండి. ఈలోగా దిష్టి తీస్తామంటే తీయనివ్వండి, ఉప్పూ మిరపకాయలే కదా పోయేది.

రెండోది, కారులో చిరుతిండి. ఐదున్నరకు డేకేర్ నుంచి ఎక్కించుకోగానే చేతిలో క్రాకర్ల డబ్బా పెడితే, ఆరున్నరకు అన్నం సయించదు. కారులో నీళ్లు చాలు, ఇంటికి రాగానే అన్నం పెట్టేయండి. తిండికీ తిండికీ మధ్య రెండున్నర, మూడు గంటల ఎడం ఉండాలి. కూర్చోబెట్టేది అరగంటకు మించొద్దు, ఆ తర్వాత కంచం తీసేయడమే.

ఎంత పెట్టాలి? ఒక్కో పదార్థం ఏడాది వయసుకు ఒక టేబుల్‌స్పూను చొప్పున. రెండేళ్ల పిల్లకు రెండు చెంచాల అన్నం, రెండు చెంచాల పప్పు. మనం గిన్నెడు కలిపి, అది ఖాళీ అయ్యేదాకా ఫోను చూపిస్తూ కుక్కుతాం. మొదటి ఏడాది మూడింతలైన బరువు రెండో ఏడాదిలో రెండు, రెండున్నర కిలోలే పెరుగుతుంది, కాబట్టి ఆకలి తగ్గడం మామూలే. ఏం పెట్టాలో, ఎప్పుడు, ఎక్కడ పెట్టాలో పెద్దలు చూసుకోవాలి, తినాలా వద్దా, ఎంత తినాలి అన్నది పిల్లకు వదిలేయాలి అంటారు అమెరికన్ పోషకాహార నిపుణురాలు ఎలిన్ శాటర్. మన అమ్మమ్మలకు ఈ పంపకం రుచించదు కానీ, ముద్దను బుగ్గన పెట్టుకుని గంట కూర్చునే పిల్లకు ఇంతకన్నా మంచి మందు లేదు.

పప్పన్నం దగ్గర ఒక చిన్న సంగతి చూడండి. మెత్తటి ముద్దలో నాలుకకు ఒక ఆవగింజో, టమాటా తొక్కో, కరివేపాకు ఈనో తగిలిందంటే పిల్ల మొత్తం ఉమ్మేస్తుంది. మర్నాడు పప్పు రంగు చూడగానే నోరు బిగించేస్తుంది. పోపు పెట్టకముందే పిల్లకు రెండు చెంచాలు పక్కకు తీసి, నెయ్యీ, చిటికెడు జీలకర్రపొడీ వేయండి. అన్నం ఒకవైపు, పప్పు ఒకవైపు కలపకుండా పెట్టండి, తనే కలుపుకుంటుంది. రెండు చుక్కల నిమ్మరసం పిండితే పప్పులోని ఇనుము బాగా ఒంటపడుతుంది. పులిహోరలో పల్లీలు, ఉప్మాలో జీడిపప్పు మాత్రం నాలుగేళ్లు నిండేదాకా ఏరేయాల్సిందే, గొంతుకు అడ్డం పడతాయి.

కూర దాచిపెట్టడం మాకు నచ్చదు. దోసెలో కలిసిపోయిన బీట్‌రూట్ తిన్న పిల్లకు బీట్‌రూట్ అంటే ఏమిటో తెలియదు. ఇష్టమైనది ఒకటి కంచంలో ఉంచి, పక్కన కొత్త కూర గోరంత ముక్క పెట్టండి. పదీ పదిహేను సార్లు కనబడ్డాక గానీ నోట్లోకి పోకపోవచ్చు. ఆ కూరను ఎదురుగా ఎవరైనా తింటూ కనబడాలి కూడా. మన ఇళ్లలో పిల్లకు ఏడింటికి విడిగా తినిపించి, పెద్దలు తొమ్మిదింటికి తింటారు. ఇండియా నుంచి ఆర్నెల్లకు వచ్చిన తాతయ్యను తినిపించే పనిలో పెట్టకుండా, ఆరింటికి పక్కన కూర్చుని తన కంచంలో తను తినమని అడగండి.

ఇవన్నీ చేసినా తినే పదార్థాలు ఇరవైకి లోపే ఉండి ఇంకా తగ్గుతుంటే, గట్టి తిండి నోట్లో పెడితే చాలు డోకుతుంటే, గ్రోత్ చార్టులో బరువు గీత కిందికి దిగుతుంటే డాక్టరుకు చూపించాలి. మూడు రోజులపాటు ఏ వేళకు ఏం తిన్నదీ, ఎన్ని ఔన్సుల పాలు తాగిందీ రాసుకుని వెళ్లండి. డాక్టరు చెప్పకుండా ఇనుము మందు వేయకండి, మోతాదు మించితే ప్రాణం మీదికొస్తుంది. మూడేళ్లలోపు పిల్లల ఎదుగుదలలో ఇబ్బందులుంటే పరీక్షించి సాయపడే ఎర్లీ ఇంటర్వెన్షన్ అనే ప్రభుత్వ పథకం అమెరికాలో అన్ని రాష్ట్రాల్లోనూ ఉంది. డాక్టరు చీటీ లేకుండా తల్లిదండ్రులే ఫోన్ చేసి అడగవచ్చు, పరీక్షకు డబ్బు తీసుకోరు.