నంబరు అదే, కారు అదేనా?

సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు ముందు బానెట్ ఎత్తి చూస్తాం. ఆర్‌సీలో ఉన్న చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు బండి మీద ఉన్నవాటితో సరిపోతే ఊపిరి పీల్చుకుంటాం. సరిపోకపోతే ఎంత చవగ్గా ఇస్తానన్నా ఆ బండి జోలికి వెళ్లం. ఇదే పరీక్ష 1960ల నాటి ఫ్యాక్టరీ ర్యాలీ కార్లకు (ర్యాలీ అంటే రోడ్ల మీద రోజుల తరబడి సాగే కార్ల పోటీ) పెడితే, చరిత్రకెక్కిన కార్లలో చాలావాటిని దొంగబళ్లు అనాల్సి వస్తుంది. అవి దొంగబళ్లు కావు. వాటిని కట్టిన, వాడిన పద్ధతే వేరు. ఆ పద్ధతి గురించి ఒక్క ముక్క చెప్పకుండా ‘ఒరిజినల్ వర్క్స్ కారు’ అనే మాటను ధర పెంచడానికి వాడుకోవడం మీదే నా అభ్యంతరం.

వర్క్స్ కారు అంటే కంపెనీ సొంత పోటీల విభాగం తయారుచేసి, సొంత ఖర్చుతో ర్యాలీకి పంపిన కారు. బ్రిటన్‌లో మినీ కార్లు తయారుచేసిన బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) ఈ పనిని ఆబింగ్డన్ అనే పట్టణంలో, ఎంజీ కార్ల ఫ్యాక్టరీ ఆవరణలో చేయించేది. ఫ్యాక్టరీ లైను మీద నుంచి దిగిన మామూలు మినీ కూపర్ ఎస్ (మినీలో వేగం ఎక్కువున్న రకం) అక్కడికి వస్తే మెకానిక్‌లు దాన్ని పూర్తిగా విప్పేసి మళ్లీ మొదటినుంచి కట్టేవాళ్లు. కింద రాళ్లు తగలకుండా సంప్ గార్డు, ముందు అదనపు లైట్లు, డ్రైవర్ పక్కన కూర్చుని దారి చెప్పే నావిగేటర్ ఎదురుగా దూరం లెక్కగట్టే హాల్డా మీటరు వచ్చి చేరేవి. 1964 జనవరిలో అలాంటి ఒక కారులో ప్యాడీ హాప్‌కిర్క్, హెన్రీ లిడన్ మాంటే కార్లో ర్యాలీ గెలిచారు. దాని ఇంజిన్ 1071 సీసీ. రెండో స్థానంలో వచ్చిన ఫోర్డ్ ఫాల్కన్‌ది 4.7 లీటర్ల వీ8. ఇంజిన్ సైజు లాంటివి చూసి లెక్కగట్టే ఆనాటి పాయింట్ల పద్ధతి మినీకి కొంత కలిసొచ్చిన మాట నిజమే. అయినా ప్రపంచం గుర్తుపెట్టుకున్నది ఆ చిన్న ఎర్ర కారునే. దాని నంబరు 33 ఈజేబీ.

మరుసటి ఏడాది మంచు తుఫానులో టిమో మాకినెన్ నడిపి గెలిచిన మినీ ఏజేబీ 44బీ. 1967లో రౌనో ఆల్టోనెన్ గెలిచినది ఎల్‌బీఎల్ 6డీ. ఈ నంబర్లలోని జేబీ, బీఎల్ అనే అక్షరాలు బెర్క్‌షైర్ కౌంటీవి. ఆబింగ్డన్ అప్పట్లో ఆ కౌంటీలోనే ఉండేది. అందుకే ఆనాటి ఫోటోల్లో బెర్క్‌షైర్ నంబరుతో ఎర్ర మినీ కనిపిస్తే అభిమానుల గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది. మోసానికి దారి దొరికిందీ ఆ నంబరు ప్లేటు దగ్గరే.

మినీకి విడిగా చాసిస్ అంటూ ఉండదు. బాడీ షెల్, అంటే కారు గుల్లే, అన్నిటికీ ఆధారం. ఆల్ప్స్ కొండదారుల్లో, స్కాండినేవియా అడవుల్లో కొన్ని రోజులు పరుగెత్తి వచ్చాక ఆ గుల్ల వంగిపోయేది, కీళ్ల దగ్గర చీలిపోయేది. దాన్ని సరిచేయడం కన్నా కొత్త గుల్ల తెచ్చుకోవడం సులువు. పాతదాంట్లో పనికొచ్చే సామానంతా కొత్తదాంట్లోకి మార్చి, పాత నంబరు ప్లేట్లు బిగించి, లాగ్‌బుక్ (మన ఆర్‌సీ లాంటి పత్రం) కొనసాగించేవాళ్లు. కాగితాల లెక్కలో అది అదే కారు. లోహం లెక్కలో వేరే కారు.

ఇందులో కస్టమ్స్ పాత్ర కూడా ఉంది. విదేశాల్లో ర్యాలీకి వెళ్లే కారుకు కార్నె అనే పత్రం కావాలి. ఏ నంబరు కారు దేశం దాటి వెళ్లిందో అదే నంబరు కారు తిరిగి రావాలి, లేకపోతే సుంకం కట్టాలి. పత్రాలన్నీ సిద్ధమయ్యాక ఆ కారు పాడైతే ఇంకో కారుకు ఆ ప్లేట్లు తగిలించి పంపడమే దగ్గరి దారి. ఆ రోజుల్లో అక్కడ ఎవరూ దీన్ని తప్పుగా చూడలేదు. వడ్రంగి తన ఉలికి పిడి మార్చుకున్నంత మామూలు విషయం అది. యాభై ఏళ్ల తర్వాత ఆ ఉలి కోసం జనం వేలంపాటలో పోటీ పడతారని ఆ మెకానిక్‌లకు ఎవరు చెప్పారు?

మన ఊళ్లలో తాతల నాటి పెంకుటింటికి వాసాలు మారుస్తాం, పెంకులు మారుస్తాం, మట్టిగోడ తీసి ఇటుకగోడ కడతాం. అయినా అది తాతగారి ఇల్లే. ఎందుకంటే ఆ స్థలం మారలేదు, అందులో కాపురం ఆగలేదు. కారుకు స్థలం ఉండదు. కాపురం లాంటిది మాత్రం ఒకటి ఉంటుంది. అది ఎవరి చేతుల్లో, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ పని చేసిందన్న తెగని లెక్క. అసలుతనం గురించి మాట్లాడాలంటే నాకు గట్టిగా కనిపించే పునాది ఇదొక్కటే.

దీని మీద కోర్టు తీర్పు కూడా ఉంది. అది ర్యాలీ కారు గురించి కాదు, బెంట్లీ రేసు కారు గురించి. ‘ఓల్డ్ నంబర్ వన్’ అని పిలిచే ఆ కారు 1929లో, 1930లో లె మాన్ 24 గంటల రేసు గెలిచింది. 1932లో బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద ప్రమాదంలో డ్రైవర్ క్లైవ్ డన్‌ఫీ చనిపోయాక దానికి వేరే బాడీ కట్టారు. 1990లో కోటి పౌండ్లకు బేరం కుదిరింది. ఇందులో అసలు భాగాలు ఏమున్నాయని కొనేవాళ్లు వెనక్కి తగ్గారు. జడ్జి ఆటన్ చెప్పింది ఏమిటంటే, 1929 నాటి లోహం దాదాపు మిగల్లేదు కాబట్టి దాన్ని ‘ఒరిజినల్’ అనలేం, కానీ మార్పులు ఒక్కొక్కటిగా జరిగాయి, చరిత్ర ఎక్కడా తెగలేదు, ఆ పేరుకు ఇంకో కారు పోటీ లేదు కాబట్టి అది అసలైనదే. కొనేవాళ్లు డబ్బు కట్టాల్సి వచ్చింది.

వర్క్స్ మినీ యజమానులకు ఈ తీర్పు ఊరటలా కనిపించవచ్చు. నాకు మాత్రం ఇది వాళ్లకు అంత తేలిగ్గా వర్తించదని అనిపిస్తుంది. బెంట్లీ మెల్లమెల్లగా మారింది. మినీకి గుల్ల మొత్తం ఒక్కసారే మారిపోయేది. పైగా తీసేసిన గుల్ల ప్రతిసారీ తుక్కులోకే వెళ్లిందన్న హామీ ఏమీ లేదు. అది ఇంకెవరి చేతికో చేరి మరో కారుగా బతికి ఉంటే? ఒకరి దగ్గర లాగ్‌బుక్, ఇంకొకరి దగ్గర ఆ ర్యాలీలో నిజంగా పరుగెత్తిన ఇనుము. అప్పుడు ఏది అసలు కారు?

నా జవాబు సూటిగా చెబుతాను. నంబరును ఒక గుల్ల నుంచి ఇంకో గుల్లకు మార్చే హక్కు ఆ పోటీల విభాగానికి ఉంది, ఎందుకంటే ఆ కారుకు ఆ పేరు పెట్టింది వాళ్లే. వాళ్లు చేసిన ప్రతి మార్పూ ఆ కారు చరిత్రలో భాగమే, దాచాల్సిన మచ్చ కాదు. ఆబింగ్డన్ విభాగం 1970లో మూతపడింది. కారు వాళ్ల చేయి దాటి బయటికి అమ్ముడైన రోజున ఆ హక్కు కూడా ముగిసింది. అది లాగ్‌బుక్‌తోపాటు కొన్నవాళ్లకు వారసత్వంగా రాలేదు. ఆ తర్వాత ఎవరైనా గుల్ల మారిస్తే అది రిపేరు, ఎక్కడిదాకా మార్చారో రాసి ఇవ్వాల్సిన రిపేరు. తుక్కైపోయిన కారు లాగ్‌బుక్ ఒక్కటే కొని, దాని చుట్టూ కొత్త కారు కడితే అది కాగితాలున్న నకలు మాత్రమే.

ఇలా కట్టడం ఇవాళ కష్టమేమీ కాదు. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ మినీ గుల్లలను కొత్తగా తయారుచేసి అమ్ముతోంది. పాత కార్లను కాపాడటానికి అదెంతో మంచి పని. ఆ గుల్ల మీద పాత నంబరు బిగించి, ‘1965లో ఆల్ప్స్‌లో పరుగెత్తిన కారు’ అని అమ్మితే మాత్రం మసిపూసి మారేడుకాయ చేసినట్టే. చట్టం కూడా ఇక్కడ పెద్దగా అడ్డు రాలేదు. బ్రిటన్ రవాణా శాఖ 2025 దాకా ఏళ్లపాటు వాడిన పాయింట్ల పద్ధతిలో మొత్తం 14 పాయింట్లు. అందులో 8 ఉంటే పాత నంబరు నిలిచేది. షెల్‌కు 5, ఇంజిన్‌కు 1. కొత్త షెల్ అయినా ఆ 5 పాయింట్లు వచ్చే వీలుండేది. రోడ్డు మీద తిరగడానికి ఆ లెక్క సరిపోయేది. చరిత్ర నిరూపించడానికి సరిపోదు.

మిగతా పత్రాలదీ ఇదే సంగతి. అంతర్జాతీయ మోటార్ క్రీడల సంస్థ ఎఫ్‌ఐఏ ఇచ్చే హిస్టారిక్ టెక్నికల్ పాస్‌పోర్ట్ ఆ కారు ఆనాటి సాంకేతిక నిబంధనల ప్రకారం ఉందని చెబుతుంది, అదే కారు ఆ ర్యాలీ గెలిచిందని కాదు. ఫ్యాక్టరీ రికార్డుల నుంచి ఇచ్చే హెరిటేజ్ సర్టిఫికెట్ కారు ఎప్పుడు తయారైంది, ఏ రంగు, ఏ ఇంజిన్ నంబరు అని చెబుతుంది. ఆబింగ్డన్‌కు వెళ్లాక దానికి ఏం జరిగిందో అందులో ఎలా ఉంటుంది? ఇవన్నీ ఒక ఫైల్లో పేర్చి చూపిస్తే కొనేవాడికి కొండంత ధైర్యం వస్తుంది. అసలు ప్రశ్నకు మాత్రం జవాబు రాదు.

జవాబు దొరికేది కారు ఒంటి మీద. ఈ కార్ల గురించి తెలిసినవాళ్లు ముందు పెయింటు చూడరు, రంధ్రాలు చూస్తారు. అదనపు లైట్ల వైరింగ్ కోసం ఎక్కడ తొలిచారు, సంప్ గార్డు బిగించిన చోట అదనంగా వెల్డింగ్ ఉందా, ఎవరో చేత్తో వంచి చేసిన బ్రాకెట్ ఉందా, దాన్ని తీసేశాక పూడ్చిన గుంట ఉందా. ఆనాటి ఫోటోల్లో కనిపించే సొట్ట, రివెట్ల వరుస ఈ కారులో అదే చోట ఉన్నాయా. మెకానిక్ చేతి అలవాటు సంతకం లాంటిది, కేటలాగ్ చూసి దాన్ని కాపీ కొట్టడం కష్టం. అందుకే అద్దంలా మెరిసేలా చేసిన రెస్టొరేషన్ చూస్తే నాకు సంతోషం కన్నా బాధే ఎక్కువ కలుగుతుంది. పాత రంధ్రాలన్నీ పూడ్చి, సొట్టలన్నీ తీసి, కొత్త రంగు కొట్టాక ఆ కారు తరఫున మాట్లాడే సాక్షి ఇక మిగలడు. 2012లో పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా ఆమోదించిన ట్యూరిన్ చార్టర్ కోరేది కూడా ఇదే. ఉన్నదాన్ని ఉన్నట్టు కాపాడండి, మార్చిన భాగాన్ని గుర్తుపట్టేలా ఉంచండి, చేసిన ప్రతి పనీ రాసిపెట్టండి.

మాంటే కార్లోలోనే 1966లో ఇంకో గొడవ జరిగింది. మొదటి మూడు స్థానాల్లో మూడు మినీలు వచ్చాయి. నిర్వాహకులు వాటిని విప్పి తనిఖీ చేశారు, చివరికి హెడ్‌లైట్ల బల్బులు నిబంధనల ప్రకారం లేవని పోటీ నుంచే తొలగించారు. గెలుపు పౌలి టోయివొనెన్ నడిపిన సిత్రోయెన్‌కు వెళ్లింది. బల్బుల గొడవ అందరూ చెప్పుకునేదే. నేను ఆలోచించేది ఆ తనిఖీ వెనకున్న ప్రశ్న గురించి. గ్రూప్ 1 అనే తరగతి నిబంధన ప్రకారం ఒకే రకం కార్లు 5,000 తయారై ఉండాలి. అంటే ఆ రోజు అధికారులు అడిగింది, ‘ఇది షోరూములో ఎవరైనా కొనగలిగే మామూలు కారేనా?’ అని. ఇవాళ వేలంపాటలో అడుగుతున్నది దానికి సరిగ్గా తలకిందులు. ‘ఇది మామూలు కారు కాదని రుజువేంటి?’ ఆనాడు మామూలు కారులా కనిపించడానికి ఎంత కష్టపడ్డారో, ఈనాడు మామూలు కూపర్ ఎస్‌ను వర్క్స్ కారులా చూపించడానికి కొందరు అంతే కష్టపడుతున్నారు.

నకళ్లు చేయడమే తప్పని నేను అనడం లేదు. లాన్సియా స్ట్రాటోస్ 1974 నుంచి 1976 వరకు వరుసగా మూడేళ్లు ప్రపంచ ర్యాలీ ఛాంపియన్‌షిప్ గెలిచింది. తయారైనవే తక్కువ. ఇంగ్లండ్‌లో హాక్, లిస్టర్ బెల్ లాంటి చిన్న సంస్థలు అదే రూపంలో కార్లు కట్టి, తమ పేరుతోనే అమ్ముతున్నాయి. వాటిని నడిపేవాళ్ల ముఖంలో ఆనందం నిజమైనది, ఎవరూ మోసపోలేదు. కారు ఎంత కొత్తదన్నది నాకు పట్టింపు కాదు, దాని గురించి ఏం చెప్పి అమ్ముతున్నారన్నదే పట్టింపు. వేలం సంస్థలు ఫలానా ర్యాలీలో ఫలానా డ్రైవర్ అని రెండు పేజీలు రాస్తున్నాయి. గుల్ల ఎప్పుడు మారింది, ఎవరు మార్చారు, పాతది ఏమైంది అని ఒక్క పేరా రాయమనడం పెద్ద కోరిక కాదు. ఆ పేరా వల్ల ధర తగ్గితే, అంతకుముందు చెప్పిన ధరే తప్పన్నమాట.

కంపెనీల చేతిలోనే ఉండిపోయిన కార్ల విషయంలో ఈ టెన్షన్ తక్కువ. మాంటే గెలిచిన మూడు మినీలు గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియంలో ఉన్నాయి. 1970లో లండన్ నుంచి మెక్సికో దాకా సాగిన వరల్డ్ కప్ ర్యాలీలో హన్నూ మికోలా, గున్నార్ పామ్ గెలిచిన ఎస్కార్ట్, ఎఫ్‌ఈవీ 1హెచ్, ఫోర్డ్ దగ్గరే ఉంది. చిక్కంతా బయటికి అమ్ముడైన కార్లతోనే. అవి తర్వాత ఎవరో కుర్రాడి చేతిలో స్థానిక పోటీల్లో పరుగెత్తాయి, రంగు మారాయి, ఇంజిన్ మారాయి. ఇప్పుడు రెస్టొరేషన్ పేరుతో ఆ ఏళ్లన్నీ చెరిపేసి, కంపెనీ టీమ్‌లో ఉన్న ఒక్క వారం దగ్గరికి కారును వెనక్కి తీసుకెళుతున్నారు.

కెన్యాకు చెందిన సిక్కు డ్రైవర్ జోగీందర్ సింగ్ 1965 ఈస్ట్ ఆఫ్రికన్ సఫారీ ర్యాలీ గెలిచిన వోల్వో పీవీ544 గుర్తొస్తుంది నాకు. అది అంతకుముందు వోల్వో కంపెనీ టీమ్ వాడిన కారు. కంపెనీ దాన్ని వదిలేశాక, చాలా వేల మైళ్లు తిరిగిన ఆ పాత బండిని తీసుకుని, తమ్ముడు జస్వంత్ పక్కన కూర్చోగా, జోగీందర్ సఫారీ గెలిచాడు. వర్క్స్ కారుగా దానికి దక్కని గెలుపు, సెకండ్ హ్యాండ్ కారుగా దక్కింది. అలాంటి కారును ‘అసలు రూపానికి’ తేవాలంటే ఏ ఏడాది దగ్గర ఆగాలి?