స్ట్రీమింగ్ కంటే ముందు డీవీడీ ఉంది
నెట్‌ఫ్లిక్స్ ఎదుగుదల మీద ఒక వ్యాసం చదివాను. 2007లో స్ట్రీమింగ్ మొదలుపెట్టాకే ఆ కంపెనీ దశ తిరిగిందని అందులో రాశారు. అది సగమే నిజం. అసలు పునాది పడింది డీవీడీ దగ్గర. అప్పటి వీహెచ్‌ఎస్ వీడియో క్యాసెట్ బరువు, పోస్టులో పంపాలంటే ఖర్చెక్కువ. డీవీడీ అయితే పల్చటి కవరులో పెట్టి ఉత్తరంలా పంపేయొచ్చు. ఆ కిటుకుతోనే నెట్‌ఫ్లిక్స్ వాళ్లు 1998లో డీవీడీలు పోస్టులో అద్దెకివ్వడం మొదలుపెట్టారు, 1999లో నెలవారీ చందా తెచ్చారు. ఇంకో ముఖ్యమైన సంగతి వ్యాసంలో అస్సలు లేదు. అమెరికా చట్టం ప్రకారం, కొన్న డిస్కును అద్దెకివ్వడానికి స్టూడియో అనుమతి అక్కర్లేదు. అందుకే పెద్దగా ఎవరూ అడగని పాత సినిమాలు, డాక్యుమెంటరీలు కూడా వాళ్ల దగ్గర దొరికేవి. స్ట్రీమింగ్‌లో అలా కుదరదు. బయటివాళ్ల సినిమా అయితే హక్కులు కొనాలి, గడువు తీరితే తీసేయాలి. 2023 సెప్టెంబరులో, ఎర్ర కవర్లలో డీవీడీలు పంపే ఆ నెట్‌ఫ్లిక్స్ సర్వీసు ఆగిపోయిందని చదివినప్పుడు నిజంగా బాధేసింది. చందాదారులు పెరిగితే చాలు, అదే ఎదుగుదల అంటే నేను ఒప్పుకోను. చూడ్డానికి ఎన్ని సినిమాలు మిగిలాయన్నది కూడా లెక్కలోకి రావాలి కదా. ఈమధ్య ఒక ఓటీటీలో పాత సినిమా సగం చూసి ఆపాను. మర్నాడు రాత్రి వెతికితే లేదు, నా లిస్టులోంచి కూడా పేరు మాయమైంది. అదే సినిమా డిస్కు మా అన్నయ్య అలమరలో, మూత విరిగిన పెట్టెలో ఇప్పటికీ ఉంది. గీతలు పడ్డా చక్కగా ఆడుతోంది. మిగతా సగం దాంట్లోనే చూశాను.