సంతలో ఆమె అడిగిన మాట

నాలుగేళ్ల క్రితం తీసిన ఒక ఫోటోను నిన్న నా పేజీలోంచి తీసేశాను. నాకు ఎక్కువ లైకులు తెచ్చిన ఫోటో అదే. ఎందుకు తీసేశావని చాలామంది అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను.

విశాఖ నుంచి ముగ్గురం ఒడిశాలోని కోరాపుట్ జిల్లా ఒనకడెల్లి వెళ్లాం. మాచ్‌ఖండ్ కరెంటు ప్రాజెక్టు దగ్గరి ఊరు. గురువారం సంతకు బోండా గిరిజన తెగ ఆడవాళ్లు కొండ దిగి వస్తారు. మెడకు లోహపు కడియాలు, ఒంటి నిండా పూసల దండలు. నేను ఎండుచేపల కొట్టు పక్కన నిలబడి, దూరాన్ని దగ్గరగా చూపించే 70-200 లెన్సుతో ఒక పెద్దావిడ ముఖం మీదే పావుగంట గురి పెట్టాను. ఆవిడ గమనించింది. కొట్టతనికి ఏదో చెప్పింది. అతనికి తెలుగు వచ్చు.

"ఇందాకట్నుంచి చూస్తూనే ఉన్నాడు, ఏమీ కొనడేంటి అని అడుగుతోంది బాబూ" అన్నాడు.

నేను జవాబు చెప్పలేదు. ఇంకో రెండు క్లిక్‌లు కొట్టి వచ్చేశాను.

పబ్లిక్ ప్లేస్ కదా, తప్పేముంది అంటారు. సంత అందరిదే, కానీ అమ్మడానికీ కొనడానికీ. ఆవిడ ముఖం అమ్మకానికి పెట్టలేదు. అడిగితే సహజత్వం పోతుందనేది ఇంకో వాదన. మన పెళ్లిళ్లలో క్యాండిడ్ ఫోటోగ్రాఫర్‌ను పిలిచేది మనమే. కెమెరా ఉందని పెళ్లికూతురికి తెలుసు, అయినా తాళి కట్టేటప్పుడు కళ్లనీళ్లు నిజంగానే వస్తాయి. తెలిసినా సహజంగా ఉంటారు, మనం కాసేపు ఆగితే చాలు. నిజానికి మనకు భయం సహజత్వం పోతుందని కాదు, వాళ్లు వద్దంటారని. దూరం నుంచి లెన్సు పెట్టేది అందుకే.

పచ్చకళ్ల అఫ్గాన్ అమ్మాయి ఫోటో గుర్తుందా? 1984లో పాకిస్తాన్‌లోని శరణార్థి శిబిరంలో తీశారు. 1985లో నేషనల్ జియోగ్రాఫిక్ ముఖచిత్రమైంది. ప్రపంచమంతా ఆ కళ్లను చూసింది. ఆమె పేరు షర్బత్ గులా అని బయటికి తెలిసింది 2002లో. అప్పటిదాకా ఆ ఫోటోను ఆమే చూడలేదు! ఇది చదివినప్పటి నుంచి నాకు మనశ్శాంతి లేదు. ఎందుకంటే ఒనకడెల్లి పెద్దావిడ పేరు నాకూ తెలియదు. "కొండ తల్లి" అని క్యాప్షన్ పెట్టాను.

అండమాన్‌లో జారవా తెగవాళ్ల ఫోటో తీయడం నేరం. అక్కడ చట్టం ఆపుతుంది. చట్టం లేనిచోట్ల మనల్ని ఆపేది మనమే.

ఫోటోకు డబ్బులడిగితే "వీళ్లూ కమర్షియల్ అయిపోయారు" అనేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. లక్షన్నర పెట్టి లెన్సు కొన్నవాడికి యాభై రూపాయలు బరువా? ఇష్టం లేకపోతే తీయకండి, అంతే. భాష రాకపోతే కెమెరా చూపించి తల ఊపండి. ప్రపంచంలో ఎవరికైనా అర్థమవుతుంది. చెయ్యి అడ్డం పెడితే అదీ మనకు అర్థమవుతుంది.

నా ఫోటోను చాలామంది షేర్ చేసుకున్నారు. మీ దగ్గరుంటే దయచేసి తీసేయండి.