ఓడిన మ్యాచ్‌ను చదివేదెవరు?

2025 ఏప్రిల్‌లో మకావ్ టేబుల్ టెన్నిస్ ప్రపంచకప్ సెమీఫైనల్లో బ్రెజిల్ ఆటగాడు హ్యూగో కాల్డెరానో చేతిలో చైనా స్టార్ వాంగ్ చుచిన్ 3-4తో ఓడిపోయాడు. నెల తిరిగేసరికి దోహా ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్లో అదే కాల్డెరానోను 4-1తో మట్టికరిపించాడు. ఆ ఫైనల్‌కు ముందు సెమీస్‌లో అతను ఓడించింది ట్రుల్స్ మోరెగార్డ్‌ను. పారిస్ ఒలింపిక్స్ సింగిల్స్ నుంచి తనను ఆరంభ రౌండ్లలోనే సాగనంపిన స్వీడన్ కుర్రాడు. ఒక్క టోర్నీలో రెండు పాత లెక్కలూ తేలిపోయాయి.

నెల రోజుల్లో ఎవరికీ కొత్త ఫోర్‌హ్యాండ్ రాదు, కాళ్లలో కొత్త వేగమూ రాదు. ఆ వ్యవధిలో మారగలిగింది ఒక్కటే: ఎదుటివాడు ఏ బంతిని ఎక్కడికి కొడతాడు, ఎక్కడికొచ్చిన బంతికి తడబడతాడు అన్న అవగాహన. మన టేబుల్ టెన్నిస్‌లో కరవైందీ అదే.

మన దగ్గర ఒక కుర్రాడు జిల్లా టోర్నీలోనో, రాష్ట్ర ర్యాంకింగ్ పోటీలోనో ఓడితే ఏం జరుగుతుందో చూడండి. తండ్రి ‘ఇంకా కష్టపడాలి’ అంటాడు. కోచ్ సాయంత్రం ప్రాక్టీసు ఇంకో గంట పెంచుతాడు. వారం తిరక్కుండానే బ్యాట్‌కు ఖరీదైన కొత్త రబ్బరు అంటుకుంటుంది. అప్పటికీ కలిసిరాకపోతే అకాడమీ మారుస్తారు. ఇన్ని చేస్తారు గానీ పాయింట్లు ఎక్కడ పోయాయని మాత్రం ఎవరూ అడగరు.

టేబుల్ టెన్నిస్‌లో చాలా పాయింట్లు పట్టుమని ఐదు బంతులైనా ఆడకముందే తేలిపోతాయి. అందుకే చైనా పరిశోధకుడు వు హువాన్‌చున్ దశాబ్దాల కిందటే ప్రతి పాయింటునూ మూడు దశలుగా విడదీశాడు. మన సర్వీస్, దాని తర్వాత మనం కొట్టే మూడో బంతి ఒక దశ. అవతలివాడి సర్వీస్‌ను అందుకోవడం, ఆపై నాలుగో బంతి రెండో దశ. అక్కడి నుంచి సాగే ర్యాలీ అంతా మూడో దశ. ప్రతి దశలో ఎన్ని పాయింట్లు వచ్చాయి, ఎన్ని పోయాయి అని గీతలు పెట్టుకుంటూ పోతే ఓటమి కారణం కాగితం మీదే బయటపడుతుంది. దీనికి కంప్యూటరేమీ అక్కర్లేదు, పెన్ను చాలు.

మన హాళ్లలో రోజూ కనిపించే పాయింటు ఒకటి తీసుకుందాం. ప్రత్యర్థి నెట్ దగ్గరగా, అండర్‌స్పిన్‌తో (బంతి వెనక్కి తిరిగేలా) పొట్టి సర్వీస్ వేశాడు. మనవాడు దాన్ని కింద నుంచి కోసినట్టు నెట్టాడు, అంటే పుష్ చేశాడు. బంతి కాస్త పైకి లేచింది, టేబుల్ మధ్యలో పడింది. అవతలివాడు దాన్ని టాప్‌స్పిన్‌తో (బంతి ముందుకు తిరిగేలా) నేరుగా మోచేతి మీదికి కొట్టాడు. ఫోర్‌హ్యాండా, బ్యాక్‌హ్యాండా అని తేల్చుకునేలోపే బ్లాక్, అంటే బ్యాట్ అడ్డుపెట్టి ఆపిన బంతి, బయటికి పోయింది. మ్యాచ్ అయ్యాక కుర్రాడు ‘నా బ్లాక్ బాగాలేదు సార్’ అంటాడు. కోచ్ కూడా సరేనని నెల రోజులు బ్లాకే చేయిస్తాడు. కానీ ఆ పాయింటు పోయింది బ్లాక్ దగ్గర కాదు, రెండో బంతి దగ్గర. పైకి లేచిన ఆ పుష్ దగ్గర. దాన్ని అంతే పొట్టిగా నెట్ వెనక వదిలినా, మణికట్టు తిప్పి ఫ్లిక్ చేసినా, లేదంటే వేగంగా, లోతుగా వాడి మోచేతి వైపే నెట్టినా అసలా టాప్‌స్పిన్ వచ్చేదే కాదు. నెల రోజుల చెమట తప్పుడు చిరునామాకు వెళ్లింది.

పింపుల్స్ రబ్బరు (పైన బొడిపెలుండే రబ్బరు) దగ్గరా ఇదే కథ. పొడవాటి పింపుల్స్ బంతికి కొత్తగా స్పిన్ పెద్దగా ఇవ్వవు, మనం పంపిన స్పిన్‌నే తిప్పి పంపిస్తాయి. మనం గట్టి అండర్‌స్పిన్‌తో పుష్ చేస్తే అది దాదాపు టాప్‌స్పిన్‌గా తిరిగొస్తుంది. దాన్ని మళ్లీ పుష్ చేస్తే గాల్లోకి లేస్తుంది. బ్యాట్ రెండు వైపుల రబ్బర్లూ వేర్వేరు రంగుల్లో ఉండాలన్న నిబంధన పెట్టిందే ఈ తేడా కంటికి కనిపించాలని. అయినా ఓడినవాడు ఆ రబ్బరును తిట్టుకుంటూ బయటికొస్తాడు తప్ప, స్పిన్ లేని బంతి ఎన్నిసార్లు పంపి చూశానని తనను తాను అడగడు.

ఇది క్లబ్బు ఆటగాళ్ల సమస్య మాత్రమే అనుకుంటే పొరపాటు. 2024 ఫిబ్రవరిలో బుసాన్ ప్రపంచ టీమ్ చాంపియన్‌షిప్‌లో మన అమ్మాయిలు చైనాను వణికించారు. బంతి మీది స్పిన్‌ను చంపేసే యాంటీ-స్పిన్ రబ్బరుతో ఆడే ఐహికా ముఖర్జీ సున్ యింగ్‌షాను ఓడించింది. మన హైదరాబాదీ ఆకుల శ్రీజ వాంగ్ యిదిని వరుస గేముల్లో చిత్తు చేసింది. చైనా 3-2తో ఎలాగోలా గట్టెక్కింది. ఐదు నెలల తర్వాత పారిస్‌లో, సరిగ్గా శ్రీజ పుట్టినరోజున, ప్రిక్వార్టర్స్‌లో ఎదురైంది అదే సున్ యింగ్‌షా. స్కోరు 10-12, 10-12, 8-11, 3-11.

ఈ వరుసలో శ్రీజ పాయింట్లు చూడండి: పది, పది, ఎనిమిది, మూడు. ఇప్పుడు టోక్యో ఒలింపిక్స్‌లో చైనా దిగ్గజం మా లాంగ్‌తో ఆచంట శరత్ కమల్ ఆడిన మ్యాచ్ చూడండి: 7-11, 11-8, 11-13, 4-11, 4-11. మొదట్లో కొమ్ములు తిరిగినవాళ్లతో సమానంగా పోరు. చివర్లో ఒక్కసారిగా కుప్పకూలడం. దీన్ని ఒత్తిడి అనో, అలసట అనో సరిపెట్టుకోవడం తేలిక. నేను మాత్రం ఒప్పుకోను. రెండు మూడు గేముల్లో అవతలివాళ్లు మన ఆటను చదివేశారు. ఏ సర్వీస్ ఎటు తిరుగుతుందో, శ్రీజ బ్యాట్ పింపుల్స్ మీదికి ఎలాంటి బంతి పంపాలో తేల్చుకున్నారు. మనం మన ఆటే ఆడుతూ పోయాం. శ్రీజ, శరత్‌ల ప్రతిభకు వంక పెట్టడం కాదిది. వాళ్ల వెనక రాత్రంతా కూర్చుని ప్రత్యర్థి వీడియోలు విప్పి చూసే యంత్రాంగం లేకపోవడం గురించిన మాట.

పునాది లేనిదే వ్యూహమెందుకు అని కోచ్‌లు అడుగుతారు. పది బంతులు వరుసగా టేబుల్ మీద పెట్టలేని పిల్లాడికి విశ్లేషణ ఏం చేసుకోవడానికి, ముందు మల్టీబాల్ (కోచ్ ఒకదాని వెంట ఒకటిగా బంతులు వేసే సాధన), ఫుట్‌వర్క్ చేయనివ్వండి అంటారు. న్యాయమైన మాటే, మొదటి రెండేళ్లకు. ఆ తర్వాత కూడా ఏది సాధన చేయాలో చెప్పేది ఓడిన మ్యాచే కావాలి. అది చెప్పకపోతే మల్టీబాల్ వట్టి వ్యాయామం.

ఓటమిని చదవడమంటే ఏమిటో చైనా చరిత్రే చెబుతుంది. 1989లో డార్ట్‌మండ్ ప్రపంచ పురుషుల టీమ్ ఫైనల్లో స్వీడన్ చేతిలో 0-5. రెండేళ్లకు చిబాలో ఏకంగా ఏడో స్థానం. ఆ దెబ్బకు, అంతకుముందు ఇటలీలో కోచ్‌గా పనిచేసి వచ్చిన కాయ్ జెన్‌హువాకు పురుషుల జట్టు పగ్గాలు అప్పగించారు. స్వీడన్ వాళ్ల బ్యాక్‌హ్యాండ్ ముందు తమ పెన్‌హోల్డ్ ఆట (బ్యాట్‌ను పెన్నులా పట్టుకునే పద్ధతి) ఎక్కడ తేలిపోతోందో పట్టుకున్నారు. బ్యాట్‌ను కరచాలనంలా పట్టుకునే షేక్‌హ్యాండ్ కుర్రాళ్లను ముందుకు తెచ్చారు. పెన్‌హోల్డ్‌లోనే బ్యాట్ వెనక వైపుతో బ్యాక్‌హ్యాండ్ కొట్టే పద్ధతిని పెంచారు. విదేశీ ఆటగాళ్ల శైలిని అచ్చు గుద్దినట్టు అనుకరించే ప్రాక్టీసు భాగస్వాములను తయారుచేసుకోవడం వాళ్లకు ఎప్పటినుంచో ఉన్న అలవాటు. 1995లో టియాన్‌జిన్‌లో స్వీడన్‌నే ఓడించి కప్పు తిరిగి తెచ్చుకున్నారు. ఇదంతా చెమటతో మాత్రమే వచ్చిందంటే ఎవరు నమ్ముతారు? 1989లో ఓడినవాళ్లు మాత్రం తక్కువ చెమటోడ్చారా?

మరి మనకెందుకు చేతకాదు? నా ఉద్దేశంలో జబ్బు టేబుల్ దగ్గర లేదు, బడిలో ఉంది. పబ్లిక్ పరీక్షల తర్వాత మన పిల్లల చేతికి వచ్చేది మార్కుల మెమో. జవాబుపత్రం కాదు. ఇంటర్‌లో ఫిజిక్స్ పోయిందని తెలుస్తుంది గానీ, ఏ లెక్కలో ఏ మెట్టు దగ్గర తప్పాడో తెలియదు. దిద్దిన పేపరు చూడాలంటే ఫీజు కట్టి, దరఖాస్తు పెట్టుకుని, గడువులోగా అడగాలి. దిద్దిన జవాబుపత్రం చూసే హక్కు సమాచార హక్కు చట్టం కింద విద్యార్థికి ఉందని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. అయినా ఆ కాగితాన్ని ప్రతి పిల్లాడికీ దానంతటదే ఇచ్చేయాలన్న ఆలోచన మన బోర్డులకు రాలేదు. తప్పు ఎక్కడ జరిగిందో చూపకుండా ‘ఫెయిల్’ అని మాత్రమే చెప్పే వ్యవస్థలో పెరిగిన పిల్లాడు, 8-11తో ఓడి బయటికొచ్చి ఆ పదకొండు పాయింట్లూ ఎలా పోయాయో చెప్పగలడా? వాడి తండ్రీ, కోచూ ఆ బడిలోంచే వచ్చారు.

రాష్ట్ర సంఘాలు తలచుకుంటే వచ్చే సీజన్‌కే మొదలుపెట్టొచ్చు. ర్యాంకింగ్ టోర్నీల్లో కనీసం క్వార్టర్స్ నుంచి ప్రతి టేబుల్ దగ్గరా స్టాండు మీద ఒక ఫోను పెట్టి, ఆ వీడియోను ఓడినవాళ్లకు అదే రోజు అందజేయాలి. పాయింట్ల మధ్య కోచ్ సలహా ఇవ్వడానికి 2016లోనే నిబంధనలు దారి తెరిచాయి. అందుకే సర్వీస్ ఎవరిది, పాయింటు ఎన్నో బంతికి తేలింది, ఎవరికి వచ్చింది అని రాసుకునే కాగితం పక్కన కూర్చున్న కోచ్ చేతిలో ఉండాలి. ‘గట్టిగా ఆడు’ అనే బదులు అతను ఆ కాగితం చూసి, రెండో గేములో పొట్టి సర్వీస్ దగ్గర ఎన్ని పోయాయో చెప్పాలి. అకాడమీలు తల్లిదండ్రుల దగ్గర నెల ఫీజు తీసుకునేటప్పుడు, ఆ నెలలో పిల్లాడు ఓడిన మ్యాచ్‌ల కాగితాలు వాళ్ల ముందు పెట్టాలి. పెట్టకపోతే ఫీజు కట్టే ముందు తల్లిదండ్రులే అడగాలి.