నవ్వినవాళ్లందరూ యూరియా వరుసలో నిలబడేవాళ్లే

ఇప్పుడే బడిలో తల్లిదండ్రుల సమావేశం ముగించుకుని వచ్చాను. ఒళ్లు మండిపోతోంది. కొత్త మరుగుదొడ్ల పని గురించి మాట్లాడుతుంటే నేను అడిగింది ఒక్కటే. మగపిల్లల మూత్రశాలల గొట్టాన్ని సెప్టిక్ ట్యాంకులో కలపకుండా విడిగా ఒక మూత ఉన్న ట్యాంకుకు పెట్టండి, కొన్నాళ్లు నిల్వ ఉంచితే పొలానికి ఎరువవుతుంది అన్నాను. "ఇంకా నయం, అన్నంలో కలుపుకోమనలేదు అమ్మగారు" అన్నాడొక పెద్దమనిషి. గది గదంతా నవ్వింది.

ఆ పెద్దమనిషే మొన్న ఎడగారు (రెండో పంట) పైరుకు యూరియా దొరక్క, తెల్లవారకముందే ఆధార్ కార్డు పట్టుకుని వరుసలో నిలబడ్డాడు. పక్కన నవ్విన ఇద్దరూ ఆయన వెనకే నిలబడ్డారు.

అసలు మన నెల్లూరు జిల్లాలో పొలంలో గొర్రెల మంద కట్టించుకోని రైతు ఇల్లు ఎన్ని ఉన్నాయి? రాత్రికి మంద నిలిపితే కాపరికి డబ్బో ధాన్యమో ఇస్తాం. మంద ముందు నా చేలోకంటే నా చేలోకని పోటీ పడతాం. ఆ గొర్రెలు చేలో వదిలేది పన్నీరా? పేడా మూత్రమే కదా! గొర్రెది బంగారం, మనిషిది మాత్రం ఛీ!

మనిషి ఏడాదికి విసర్జించే మూత్రం దాదాపు 500 లీటర్లు. ఆరుగురున్న ఇంట్లో ఏడాదికి 45 కిలోల యూరియా బస్తాలో ఉండేదాంట్లో సగానికి మించిన నత్రజని ఇలా కాలువ పాలవుతోంది. భాస్వరం, పొటాష్ అదనం. పొటాష్ కోసం మన దేశం దాదాపు పూర్తిగా ఓడల్లో వచ్చే దిగుమతుల మీదే ఆధారపడింది. మురుగునీటిలో మూత్రం నూటికి ఒక పాలే అయినా, ఆ మురుగులోని నత్రజనిలో సుమారు 80 శాతం, భాస్వరంలో సగం మూత్రానివే. కాలువల నిండా గుర్రపుడెక్క పెరిగిపోయిందని ఏటా గోల పెడతాం. దానికి తిండి పెడుతున్నది మనమే.

రోగాలు రావా అని ఒకావిడ అడిగారు. అది అడగాల్సిన ప్రశ్న, ఆమె మీద నాకు కోపం లేదు. మూసి ఉంచిన మూత్రంలోని యూరియా అమ్మోనియాగా మారుతుంది, క్షారగుణం పెరిగి రోగక్రిములు చస్తాయి. 20 డిగ్రీలు, ఆపైన ఉండే వేడిలో ఆరు నెలలు నిల్వ ఉంచితే ఏ పంటకైనా వాడవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లోనే మార్గదర్శకాల్లో రాసింది. మన ఊళ్లో 20 డిగ్రీలంటే చలికాలం తెల్లవారుజాము! స్విట్జర్లాండ్‌లో మూత్రంలోంచి మందుల అవశేషాలను వడకట్టి తీసేసి, ఔరిన్ అనే ద్రవ ఎరువు చేస్తున్నారు. కూరగాయలకు కూడా వాడుకోవచ్చని 2018లో అక్కడి ప్రభుత్వం అనుమతించింది. మెగ్నీషియం కలిపితే మూత్రంలోని భాస్వరం స్ట్రువైట్ అనే తెల్లటి ఎరువు పొడిగా అడుగున పేరుకుంటుంది. ఉప్పు తీశాక మిగిలే చేదునీటిలో ఆ మెగ్నీషియం పుష్కలం. ఇస్కపల్లి ఉప్పు కొఠార్లు మనకు ఎంత దూరం? ఇవన్నీ చెబుదామనే వెళ్లాను. చెప్పనిస్తే కదా!

2015లో కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ ఢిల్లీలో తన బంగళా తోటకు మూత్రం పోయిస్తున్నానని చెప్పినప్పుడూ కొందరు నవ్వారు. కానీ ఆయన్ని ఎవరూ కూర్చోమనలేదు. నన్ను మాత్రం "కూర్చో అమ్మా, పెద్దవాళ్లు మాట్లాడుతున్నారు" అన్నారు. ఆడమనిషి నలుగురిలో ఈ సంగతి ఎత్తడమే వాళ్లకు తప్పుగా తోచింది.

కూర్చున్నాక ఎస్టిమేటు కాగితం చేతికి తీసుకుని చూశాను. మగపిల్లల మూత్రశాలలకు టైల్సు, వరండాకు రంగులు, గేటు మీద పేరు పలక, అన్నీ ఉన్నాయి. ఆడపిల్లల మరుగుదొడ్ల తలుపులకు గడియలు లేవు, లోపల కుళాయి లేదు. పాత వాటికీ లేవు. ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నాం. మా అమ్మాయి నింపుకుని వెళ్లిన నీళ్ల సీసా సాయంత్రానికి అలాగే తిరిగి వస్తుంది. వెళ్లాల్సి వస్తుందని తాగదు. తరగతిలో చాలామంది ఆడపిల్లల పరిస్థితి ఇదే. మే నెల మాట వదిలేయండి, మార్చి ఎండకే మన పిల్లలు వాడిపోతారు. మూత్రంలో మంటతో ఆసుపత్రికి తీసుకెళ్లిన తల్లులు ఆ గదిలోనే ఉన్నారు, తలవంచుకుని కూర్చున్నారు. అక్కడ మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు, మాటా రాలేదు.

గడియలు, కుళాయిలు రాసి, గొట్టం విడిగా పెట్టేలా ఆ కాగితం మార్చేదాకా బడి కమిటీ సభ్యురాలిగా నేను సంతకం పెట్టను. కమిటీలో ఉన్న అక్కచెల్లెళ్లూ, మీరూ పెట్టకండి.