లాడ్జి ఒడిశాలో ఉంటే ఏం? కేసు శ్రీకాకుళంలో వెయ్యండి

రాయగడ మజ్జిగౌరమ్మ దర్శనానికి వెళ్లే పార్వతీపురం వాళ్లకి, గోపాల్‌పూర్ సముద్రం చూద్దామని బరంపురంలో దిగే శ్రీకాకుళం కుటుంబాలకి అక్కడి కొన్ని లాడ్జీల తీరు కొత్తగా చెప్పక్కర్లేదు. ఫోన్లో బుక్ చేసిన రేటు కౌంటర్ దగ్గర మారిపోతుంది. గీజర్ ఉంటుంది, వేడినీళ్లు రావు.

మేం బరంపురంలో దిగిన లాడ్జిలో దుప్పటి మార్చమంటే, రూమ్ బాయ్ అదే దుప్పటి తిరగేసి పరిచి వెళ్లిపోయాడు. బిల్లు అడిగితే తెల్ల కాగితం మీద అంకె వేసిచ్చారు. ఖాళీ చేస్తాం, అడ్వాన్సు ఇచ్చెయ్యమన్నప్పుడు మేనేజరు చక్కటి తెలుగులోనే అన్నాడు: "కేసు పెట్టుకోండి సార్. వాయిదా వాయిదాకీ ఆంధ్రా నుంచి వస్తారా?"

అసలు జబ్బు ఈ ధీమాయే. మర్యాద తెలియక ఇలా చేస్తున్నారంటే నేను నమ్మను. అవతలి రాష్ట్రం వాడు అడగలేడని లెక్కేసుకునే చేస్తున్నారు. పనివాళ్లు దొరకడం లేదని, బుకింగ్ యాప్‌ల కమీషన్ పోగా ఏమీ మిగలడం లేదని యజమానులు అంటారు. నిజమే కావచ్చు. ఉతికిన దుప్పటికి, పక్కా బిల్లుకి ఆ కమీషన్ అడ్డమేమీ కాదుగా!

ఆ మేనేజరు లెక్క పాత చట్టం నాటిది. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అవతలి పార్టీ ఉన్నచోటో, గొడవ జరిగినచోటో కేసు వెయ్యాలి. 2020 జూలై 20 నుంచి అమల్లో ఉన్న 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఆ గోడ కూల్చేసింది. మనం ఉంటున్న ఊరి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వెయ్యొచ్చు. ఇచ్ఛాపురం వాళ్లు శ్రీకాకుళంలో వేస్తే లాడ్జి వాళ్లే అక్కడికి జవాబు చెప్పుకోవాలి. మనం కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు. ఫిర్యాదు ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు, విచారణ వీడియోలో జరపమని కోరొచ్చు. అంతకంటే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే తెలుగులోనే వింటారు. బుకింగ్ మెసేజ్, యూపీఐ రసీదు, ఆ దుప్పటి ఫొటో మాత్రం చెరిపెయ్యకండి.

లాడ్జిలో దిగేది విహారయాత్రకి వచ్చినవాళ్లే అనుకోవద్దు. ఇచ్ఛాపురంలో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే బరంపురం మెడికల్ కాలేజీకే పరిగెడతారు, వెంట వెళ్లినవాళ్లు పక్క లాడ్జిలో తలదాచుకుంటారు. 1936లో ఒడిశా ఏర్పడి మధ్యలో గీత పడినా చుట్టరికాలు, సంతలు, వైద్యం రెండువైపులా అలాగే సాగుతున్నాయి. మరి ప్రభుత్వాలకి ఇవి కనిపిస్తున్నాయా? సరిహద్దులోని కొఠియా గ్రామాల భూమి కోసం రెండు రాష్ట్రాలూ సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. ఆ పట్టుదలలో పదో వంతైనా రోజూ గీత దాటే మనుషుల మీద చూపించవేం?

శ్రీకాకుళం కలెక్టరు, బరంపురం ఉన్న గంజాం జిల్లా కలెక్టరు ఒకసారి కూర్చుని మాట్లాడుకోవాలి. ప్రతి లాడ్జి కౌంటర్ దగ్గరా రూమ్ రేటు, అడ్వాన్సు వాపసు నిబంధన, 1915 నంబరు ఒడియాలోనూ తెలుగులోనూ రాసిపెట్టించాలి. వచ్చే పండగ సెలవుల రద్దీ మొదలయ్యేలోపే ఆ పని జరగాలి.